పేర్లు రాలిపోయిన పాటలు

వహ్రాన్ ఊళ్లో ఆడవాళ్ల పెళ్లి హాలు గడపని మగపురుగు తొక్కడానికి వీల్లేదు. లోపల ముసలమ్మలు కూడా తలగుడ్డలు తీసేసి, నడుముకి కొంగు బిగించి ఆడుతుంటారు మరి. కాబట్టి పాటలు వేసే మనిషి కూడా ఆడమనిషే అయ్యుండాలి. అలాంటివాళ్లు ఊళ్లో నలుగురైదుగురు ఉన్నా, పెళ్లి తేదీ ఖాయం చేసుకోకముందే వహీబాకి ఫోను చేసి "ఆ రోజు ఖాళీయేనా తల్లీ?" అని అడిగేవాళ్లే ఎక్కువ. పెళ్లికొడుకు ఖాళీగా ఉన్నాడో లేదో తరవాత కనుక్కునేవాళ్లు.

ఎందుకంటే వహీబా దగ్గర జోహ్రా మేళం పాటలున్నాయి. జోహ్రా ముసలమ్మ పోయి చాలాకాలమైంది, మేళం చెల్లాచెదురైంది. ఆ మేళం పాడిన పెళ్లిళ్లన్నిటినీ ఎవరో ఒకరు క్యాసెట్లలో ఎక్కించారు. జోహ్రా కూతుళ్లు ఆ క్యాసెట్లని సంచుల్లో వేసి తెచ్చి, "మా ఇంట్లో చెదలు తింటాయి, నువ్వే ఉంచుకో" అని వహీబా చేతుల్లో పెట్టారు. వాటిని ఆమె ఓపిగ్గా కంప్యూటర్లోకి ఎక్కించుకుంది.

ఈ ఊరి పెళ్లిపాటకి ఒక గుణం ఉంది. జోరుగా సాగుతున్నది సాగుతున్నట్టే ఠక్కున ఆగుతుంది. పాటగత్తె పక్కన నిలబడ్డ పిలుపుగత్తె గొంతెత్తి, "ఫలానావిడ తరఫున, ఫలానావిడ కోసం!" అని అరుస్తుంది. చదివింపు ఇచ్చినవాళ్ల పేరు ముందు, ఎవరి గౌరవానికి ఇచ్చారో వాళ్ల పేరు తరవాత. అప్పుడు ఆడవాళ్లందరూ నాలుకలు ఆడిస్తూ యూయూలు కొడతారు. ఆ హోరు తగ్గాక మళ్లీ పాట. అందుకే ఆ పాత పాటల కడుపులో ఊరి ఆడవాళ్లందరి పేర్లూ ఉన్నాయి. మనవరాలి పెళ్లిలో అమ్మమ్మ పేరు మోగితే ఆ ఇంటివాళ్ల ఆనందం చూడాలి!

అయితే అందులోనే మందుపాతరలు కూడా ఉన్నాయి. ఒకసారి, కొత్తలో, వహీబా తెలియక ఒక పాట వేసింది. హాయిగా అందరూ ఆడుతున్నారు. పాట ఆగి పిలుపు వచ్చింది. తీరా చూస్తే ఆ పేరు పెళ్లికొడుకు వదిలేసిన మొదటి పెళ్లాందట! ఆ సాయంత్రం ఖర్జూరం మిఠాయిల పళ్లేలు గాల్లోకి లేచాయి. ఒకటి వచ్చి వహీబా స్పీకరుకే తగిలింది. ఆ దెబ్బతో ఆమెకి బుద్ధొచ్చింది. ప్రతి పాట ఫైలుకీ లోపల వివరాలు రాసుకునే గడులుంటాయి కదా, పాట పేరు, పాడినవాళ్లు, సంవత్సరం, చివర్న కామెంటు. ఆ కామెంటు గడిలో తన సొంత రాత రాసుకోవడం మొదలుపెట్టింది. "ఇందులో పిలుపు ఫలానా పేరుకి. ఫలానావాళ్ల ఇంట్లో వెయ్యొచ్చు." "ఇది వేస్తే కొట్టుకుంటారు." "ఇది వేసేముందు మేనత్త వెళ్లిపోయిందో లేదో చూసుకో." పాట మోగేటప్పుడు తెర మీద ఆ రాత కనబడేది. అదే ఆమెకి కన్నూ ముక్కూ.

ఇల్హామ్ అనే అమ్మాయి పెళ్లి దగ్గరికొచ్చింది. ఇల్హామ్ అమ్మమ్మ హాజా ఖదూజ్ కర్ర పొడుచుకుంటూ వహీబా ఇంటికి వచ్చింది. మామూలుగా పాటల సంగతి పెళ్లికూతురి స్నేహితురాళ్లు చూసుకుంటారు, ఇంత పెద్దావిడ రావడం ఏమిటా అని వహీబా కాఫీ పెట్టింది. హాజా కాఫీ ముట్టుకోలేదు.

"నా కూతురు బదరా పెళ్లికి జోహ్రా పాడింది, గుర్తుందా? నీకప్పుడు లంగా కట్టే వయసు కూడా కాదులే. ఆ పాట నీ దగ్గరుందటగా."

"ఉంది హాజా."

"ఇల్హామ్ తెల్ల బ్లూజా గౌను కట్టుకుని బయటికొచ్చేటప్పుడు అదే వెయ్యాలి. అందులో నా కూతురి పేరు పిలుస్తారు. పిల్లకి నడక కూడా రాకముందే తల్లి పోయింది. ఫోటో తప్ప దానికి ఏం తెలుసు చెప్పు? ఒక్కసారి తల్లి పేరుకి హాలంతా యూయూలు కొట్టడం అది వినాలి. నేనూ వినాలి. ఆ తరవాత నేను పోయినా ఫరవాలేదు."

"పోవడమెందుకు హాజా, తినడానికి ఇంకా బోలెడు పెళ్లిభోజనాలున్నాయి," అని వహీబా గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చింది. ఆ పాట ఫైలు పక్కనే ఇంకొకటి ఉందన్న సంగతి కూడా ఆమెకి తెలుసు. అదే పాట, అదే మేళం. బదరా పోయాక ఇల్హామ్ తండ్రి రషీదాని రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లి ముస్తగానెంలో, రషీదా పుట్టింట్లో జరిగింది. బదరా వైపువాళ్లు ఒక్కరూ ఆ గడప తొక్కలేదు. అక్కడా జోహ్రాయే పాడింది. దాని కామెంటులో వహీబా ఇలా రాసుకుంది: "పెళ్లికూతురు రషీదా తరఫున పిలుపు. ఇల్హామ్ ముందు, హాజా ముందు ఛస్తే వెయ్యకూడదు."

హాజాకి రషీదా అంటే పడదు. పేరు పెట్టి పిలవదు కూడా, "ఆవిడ" అంటుంది. ఆవిడ వండింది, ఆవిడ పంపింది, ఆవిడకి తెలియదు. రషీదాది నోట్లో నాలుక లేని తత్వం. ఇల్హామ్‌ని పెంచింది ఆవిడే, జడలు వేసింది, జ్వరాలకి మేలుకుంది. "ఆవిడ" అనిపించుకుంటూ ఊరుకుంది.

పెళ్లికి కొన్నాళ్ల ముందు వహీబా పాటలు వేసే కొత్త యంత్రం కొనుక్కుంది. బొత్తాలన్నీ నీలంగా వెలుగుతాయి, దూరం నుంచి చూస్తే విమానం నడిపేది అనుకోవాలి. ఇంతా చేసి అది ఎంపీత్రీ పాటలు తప్ప మింగదట. వహీబా పాటలన్నీ ఫ్లాక్ అనే వేరే రకంలో ఉన్నాయి. వాటిని మార్చాలి. ఆమెకి గోరింటాకు పెట్టే ఇంటికీ హాలుకీ మధ్య తిరగడంతోనే సరిపోయింది. తమ్ముడు మిలూద్ రొమ్ము విరుచుకుని, "ఇలా ఇవ్వు అక్కా, టీ చల్లారేలోగా మార్చి పెడతా," అన్నాడు. మిలూద్ ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. వాడికి అన్నీ వచ్చు. వచ్చనుకోవడమైతే మరీ బాగా వచ్చు.

పెళ్లిరోజు మధ్యాహ్నం హాల్లో బల్లల మీద బాదం మిఠాయిలు సర్దుతున్నారు. వహీబా యంత్రానికి పెన్‌డ్రైవ్ తగిలించింది. తెర వెలిగింది. ట్రాక్ 1. ట్రాక్ 2. ట్రాక్ 3. ఆమె బొత్తాం నొక్కుతూ కిందికి పోయింది. కిందికి పోయేకొద్దీ ట్రాకులే. పేరు లేదు, సంవత్సరం లేదు, కామెంటు గడి కడిగిన పళ్లెంలా ఉంది. మిలూద్‌కి ఫోను చేసింది.

"ఏరా, పాటల పేర్లేవిరా?"

"ఉన్నాయిగా అక్కా. ట్రాక్ ఒకటి, ట్రాక్ రెండు..."

"అవి పేర్లట్రా? రేపు నీ పెళ్లిలో నిన్ను 'పెళ్లికొడుకు మూడు' అని పిలుస్తాను, పలుకుతావా? నేను రాసుకున్నవన్నీ ఏమయ్యాయి?"

"ఓ, ఆ చెత్తంతానా? మార్చేటప్పుడు ఒక గడి వస్తుందక్కా, పాట వివరాలు కూడా తీసుకెళ్లాలా అని. టిక్కు తీసేశా. ఊరికే బరువెందుకని."

"అక్షరాలకి బరువేమిట్రా నీ మొహం మండ! అవి బరువని నీకెవడు చెప్పాడు?"

"పెన్‌డ్రైవ్‌లో పట్టదేమోనని..."

"సరే, పాతవి డిస్కులో ఉన్నాయిగా. అది పట్టుకుని పరిగెత్తుకురా."

మిలూద్ గొంతు తగ్గించాడు. వాడు గొంతు తగ్గించడమంటే చిన్న విషయం కాదు.

"అక్కా, కోప్పడనంటే చెబుతా. ఒకే పాట రెండు రకాలుగా ఉండటమెందుకని పాతవి తుడిచేశా. డిస్కు శుభ్రంగా ఉంటుందని."

"కొంప ముంచావు కదరా!" అని వహీబా అరిచిన అరుపుకి మిఠాయిలు సర్దుతున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

మిలూద్ రెక్కలు కట్టుకుని వాలాడు. వాలి ఏం లాభం? లోపలికి రావడానికి లేదాయె. హాలు వెనక వంటింటి గుమ్మం బయట నిలబడి, తలుపు సందులోంచి సలహాలు ఇవ్వసాగాడు. వంటవాళ్లకి వాడు దొరికాడు.

"ఏం నాయనా, పెళ్లి చూడాలని ఉంటే నువ్వూ ఒక బ్లూజా కట్టుకో."

"మీసం గీసేసుకుంటే కుర్చీ వేస్తాం, రా!"

"ఉల్లిపాయలు తరుగుతావా, ఊరికే నిలబడతావా?"

మిలూద్ ఉల్లిపాయలు తరుగుతూ, కళ్లు తుడుచుకుంటూ, "అక్కా, విని పట్టుకోవచ్చు కదా!" అన్నాడు.

విని పట్టుకోవాలి, వేరే దారి లేదు. కానీ హాలు నిండిపోయింది, జనం ఆటకి కాలు దువ్వుతున్నారు. వహీబా భయం లేని కొత్త పాటలు నాలుగు వరసగా పెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని జోహ్రా పాటల్లోకి దిగింది. ఇది కాదు. ఇదీ కాదు. ఇదెవరిదో సున్తీ వేడుక. మధ్యమధ్యలో ఎవరో వచ్చి భుజం తడుతున్నారు, "ఏయ్ వహీబా, ఆ చప్పుడు పెంచు," "ఏయ్ వహీబా, మా చెల్లికి ఇష్టమైనది వెయ్యి." పెళ్లికూతురు అప్పటికే ఊదా బ్లూజాలో ఒకసారి, బంగారు జరీది కట్టుకుని ఒకసారి వచ్చి అందరికీ కనబడి వెళ్లింది. ఇక మిగిలింది తెల్లది. ముందు వరసలో హాజా ఖదూజ్ కర్ర మీద రెండు చేతులూ ఆనించి, వహీబా వైపే చూస్తోంది. ఆ చూపు తగిలినప్పుడల్లా వహీబాకి చెమట పడుతోంది. ఇంతమంది ముందు, పెళ్లికూతురి ముఖం మీద తప్పు పేరు మోగితే? అమ్మ పేరు కోసం చెవులు రిక్కించిన పిల్లకి సవతితల్లి పేరు వినబడితే? ముసలావిడ గుండె ఆగదూ!

చివరికి దొరికింది. పిల్లనగ్రోవి, దాని వెనకే డప్పు, జోహ్రా దగ్గు. ఇదే పాట! రెండు ట్రాకుల తరవాత మళ్లీ అదే పిల్లనగ్రోవి, అదే డప్పు, అదే దగ్గు. రెండూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. పిలుపు దాకా వింటే తేలిపోతుంది. పిలుపు దగ్గరికి పోదామని బొత్తాం మీద వేలు పెట్టేసరికి, హాలు దీపాలు తగ్గిపోయాయి. పెళ్లికూతురి గది తలుపు తెరుచుకుంది. కొవ్వొత్తులు పట్టుకున్న అమ్మాయిలు బయటికొచ్చేశారు. హాజా కర్ర పైకెత్తి, కానీ అని సైగ చేసింది.

వహీబా గబగబా ఆలోచించింది. ఒక పాటలో మొదట్నుంచీ ఎవరిదో పసిబిడ్డ ఏడుస్తోంది. రెండోదాంట్లో ఏడుపు లేదు. రషీదా పెళ్లికి తండ్రి ఇల్హామ్‌ని చంకనేసుకుని వెళ్లాడని అందరికీ తెలుసు. పసిది, తల్లిలేనిది, కొత్త చోటు, ఏడవకుండా ఉంటుందా? అయితే ఏడుపున్నది రషీదాది. ఏడుపు లేనిది బదరాది. యా రబ్బీ, నువ్వే దిక్కు అనుకుని, ఏడుపు లేనిదాన్ని నొక్కేసింది.

పిల్లనగ్రోవి హాలంతా నిండింది. ఇల్హామ్ తెల్ల బ్లూజాలో, ముత్యాల బరువుకి కాస్త వంగి, మెల్లగా నడిచి వస్తోంది. ఇవాళ తన తల్లి పేరు పిలుస్తారని అమ్మమ్మ ముందే చెప్పినట్టుంది, పెదాలు బిగబట్టుకుంది. జోహ్రా గొంతు పైకి లేచింది, ఇంకా పైకి లేచింది. పాట ఠక్కున ఆగింది. పాత క్యాసెట్టు బరబరలోంచి పిలుపుగత్తె గొంతు వచ్చింది.

"పెళ్లికూతురు రషీదా తరఫున!"

హాజా ముఖం పాలిపోయింది. ఇల్హామ్ అడుగు ఆగిపోయింది. వెనక ఎవరో "అయ్యో అయ్యో" అన్నారు. వహీబా చెయ్యి బొత్తాం మీదికి దూకింది.

"ఆపొద్దు!"

అరిచింది రషీదా. హాలు చివర, కాఫీల పళ్లెం చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ గొంతు అంత గట్టిగా విన్నవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. "వహీబా, నీకు దండం పెడతా, చెయ్యి తియ్యి. మొత్తం వినండి."

వహీబా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పిలుపుగత్తె ఊపిరి పీల్చుకుని మళ్లీ అందుకుంది.

"పెళ్లికూతురు రషీదా తరఫున, ఆమె ఒళ్లో నిద్రపోతున్న ఇల్హామ్ కోసం! బదరా కూతురు ఇల్హామ్ కోసం! ఇవాళ మొదటి యూయూ నాది కాదు, బదరాది అంటోంది మన పెళ్లికూతురు! బదరా, అల్లా నిన్ను చల్లగా చూడాలి, నీ బిడ్డ ఇక నా బిడ్డ అంటోంది! కొట్టండమ్మా యూయూలు! ఒసేయ్, మెల్లిగా, మెల్లిగా కొట్టండే, పిల్ల లేస్తుంది!"

క్యాసెట్టులోని ఆడవాళ్లు, ఎప్పుడో, ఎక్కడో ముస్తగానెంలో, అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని మెత్తగా యూయూలు కొట్టారు. మధ్యలో ఎవరికో నవ్వొచ్చింది. ఎవరో "ష్" అన్నారు.

వహీబాకి ఏడుపొచ్చింది, సిగ్గేసింది. ఈ ఫైలుకి వివరాలు రాసిన రోజున తను "పెళ్లికూతురు రషీదా తరఫున" దాకా విని ఆపేసింది. కొత్త పెళ్లికూతురు మొదటి చదివింపు ఇంకెవరికిస్తుంది, పెళ్లికొడుక్కేగా, ఇందులో వినేదేముంది అనుకుంది. అలా అనుకుని తన చేత్తో ఛస్తే వెయ్యకూడదు అని రాసిపెట్టింది.

హాజా ఖదూజ్ కర్ర ఊతంతో లేచి నిలబడింది. రషీదా వైపు తిరిగింది. "ఇన్నేళ్లు ఈ సంగతి ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"నేను చెబితే బావుండదు హాజా," అంది రషీదా పళ్లెం వంక చూస్తూ. "మీరేమో అడగలేదు."

ముసలావిడ తల పైకెత్తి, పళ్లు లేని నోటితో, ఊపిరున్నంతసేపూ ఒక యూయూ కొట్టింది. పీలగా, వంకరటింకరగా ఉందది. వహీబా తన వృత్తిలో అంత మంచిది వినలేదు.

ఇల్హామ్ పెళ్లికూతురి ఆసనం వైపు పోలేదు. కొవ్వొత్తుల అమ్మాయిలు అటు నడుస్తుంటే తను ఇటు తిరిగింది. ముత్యాలు గలగలమంటుండగా బల్లల మధ్యలోంచి హాలు చివరికి వెళ్లి, రషీదా చేతిలోంచి కాఫీ పళ్లెం లాగి పక్కనున్నావిడ చేతిలో పెట్టింది. రషీదాని భుజాలు పట్టి అక్కడున్న కుర్చీలో కూలేసింది. ఆ తెల్ల బ్లూజా, ఆ కిరీటం, ఆ జరీ మొత్తంతో సహా వెళ్లి ఆవిడ ఒళ్లో కూర్చుంది.

"ఓయమ్మో, నా మోకాళ్లు!" అంది రషీదా, ఏడుస్తూ, నవ్వుతూ. "నీ బట్టలు నలిగిపోతాయే! అందరూ చూస్తున్నారు, లే!"

"చూడనీ!" ఇల్హామ్ రెండు చేతులూ ఆవిడ మెడ చుట్టూ వేసింది. కాటుక చెంపల మీదికి కారిపోయింది. జనం వైపు తిరిగి, గొంతు చించుకుని అరిచింది. "ఏమర్రా, అలా చూస్తారేం? ఇప్పుడు గట్టిగానే కొట్టండి! పిల్ల లేచింది!"

అంతే, హాలు దద్దరిల్లింది. గాజులు, బల్లలు, కిటికీ అద్దాలు అన్నీ మోగాయి. వంటవాళ్లు గరిటెలు పట్టుకునే పరిగెత్తుకొచ్చారు. తలుపు సందులోంచి మిలూద్, "అక్కా, ఏమైంది? కొట్టుకుంటున్నారా?" అని అరుస్తూనే ఉన్నాడు. వాడికి జవాబు చెప్పే తీరిక ఎవరికుంది? హోరు కాస్త తగ్గాక వహీబా రెండో పాట కూడా వేసింది. అందులో ఎవరి బిడ్డో గుక్కపట్టి ఏడుస్తుండగా బదరా పేరు పిలిచారు. హాజా, రషీదా పక్కపక్క కుర్చీల్లో కూర్చుని విన్నారు. ఆ పిలుపుకి ముందుగా యూయూ కొట్టింది రషీదానే.

మర్నాడు వహీబా మిలూద్‌ని కంప్యూటరు ముందు కూలేసి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించింది. పాటలన్నీ మళ్లీ విని, పోయిన రాతలన్నీ మళ్లీ రాయాలి, అదీ శిక్ష.

"ఇన్ని పాటలా అక్కా! పిలుపు మొదలు విని రాసేస్తా, సరేనా?"

"ఆ పప్పులుడకవు. ప్రతిదీ చివరిదాకా విను. యూయూలు ఆగేదాకా విను." వహీబా వాడి భుజం మీదుగా వంగి, ఏడుపు లేని ఆ పాటని వెతికి పట్టుకుంది. "దీనికి మాత్రం నేను చెప్పినట్టు రాయి. పిలుపు, రషీదా తరఫున, ఇల్హామ్ కోసం, బదరా పేరు మీద. ఇల్హామ్ ఇంట్లో ఎప్పుడైనా వెయ్యొచ్చు. రాశావా? చప్పుడు పూర్తిగా పెంచి వెయ్యాలి, అని కూడా రాయి."